చుక్క పెట్టిన మాట

గుంతకల్లు జంక్షన్, విచారణ కౌంటరు.
పద్దెనిమిదేండ్లుగా ఈ అద్దం వెనక కూర్చొని
మనుషుల్ని మొదటి అక్షరంతో గుర్తుపడతా.

"ఎప్పుడొస్తాది?" మనోళ్ళు.
"ఎష్టొత్తిగె?" బళ్ళారి వైపు.
"ఎప్పో వరుం?" అరక్కోణంలో దిగేవాళ్ళు.
నోరు తెరిస్తే చాలు, ఎ.
గాలికి అదే తెరుచుకున్న తలుపు మాదిరి.
ఆదోని బేరగాండ్లు మాత్రం
"కబ్ ఆతీ? కిధర్ ఆతీ? కైకు లేటు?"
గొంతులో గడియ వేసి తీసినట్టు, క.

"యాడికి పోవల్ల తాతా?" అంటి ఒకసారి.
"యాడికికే" అనె.
మళ్ళీ అడిగితి. మళ్ళీ అదే చెప్పె.
వెనక క్యూ అంతా నవ్వె.
ప్రశ్నే ఊరైనోళ్ళకు ఏం జవాబు చెప్పేది?
రాయలచెరువులో దిగి ఆటో ఎక్కమంటి.

డిగ్రీలో మార్కుల కోసం సంస్కృతం తీసుకుంటి.
కః కౌ కే అని వల్లించిందే తప్ప
ఆ క ఏయే దేశాలు తిరిగిందో నాకేం తెలుసు.
చెప్పింది చాగలమర్రి పిల్ల,
మైసూరులో భాషల చదువు,
బండి పదకొండు గంటలు లేటు,
నా స్టూలు మీద కూర్చొని బొరుగులు నములుతా:

వేల ఏండ్ల కిందట ఒక శబ్దం ఉండేదంట.
క అంటూనే పెదాలు గుండ్రంగా చుట్టాల.
మన దిక్కుకు వచ్చేసరికి పెదాలు సాపయ్యి క మిగిలె.
లాటిన్‌లో చుట్టిన పెదాలు చుట్టినట్టే ఉండె.
గ్రీకులకాడ చానా మాటల్లో పెదాలే గెలిచి ప అయ్యె.
పడమటి చలిదేశాల్లో గొంతు గడియ సడలి
క పోయి హ మిగిలె.

"ఆ మొదటి శబ్దం విన్నోళ్ళెవరు?" అంటి.
"ఎవరూ లేరక్కా. మనవళ్ళ మొకాలు చూసి
అవ్వ మొకం గీసినట్టు.
అందుకే రాసేటప్పుడు ముందొక చుక్క పెడతాం,
ఆకాశంలో చుక్క."
మా టైంటేబుల్లోనూ ఉంది ఆ చుక్క:
ఈ బండి అన్ని దినాలూ నడవదు, అని.

అప్పుడర్థమైంది ఆబ్రీ దొర సంగతి.
బొగ్గింజన్ల కాలం డ్రైవరు.
చలికాలం తెల్లారుజామున నాలుక్కే వచ్చి
ఎప్పుడో ఎత్తేసిన మీటర్‌గేజి బండి గురించి
అడుగుతాడు: "హ్వెన్?"
ఇప్పటి ఇంగ్లీషు పిల్లోళ్ళు వెన్ అంటారు.
ఆయన హ మాత్రం నా అద్దం మీద
అరనిమిషం నిలుస్తాది.
బొగ్గు పోయింది, ఆవిరి ఉంది.
నేను తుడవను.

పోయిన నెల, రాత్రి మూడున్నర.
తూర్పు బండి దించిపోయిన గుంపులోంచి
ఐదో ప్లాట్‌ఫారం మీద మిగిలినాడు ఒక పిల్లోడు,
నాలుగేండ్లుంటాయి, ఒక కాలికే చెప్పు.
పోర్టరు సుంకన్న ఎత్తుకొచ్చి బల్ల మీద నిలబెట్టె.
"ఎవురు నాయనా" అంటి. "నామ్ క్యా" అంటి.
కన్నడంలో అడిగితి, అరవంలో అడిగితి.
వాడు సుంకన్న ఎర్రచొక్కా గుండీలే లెక్కపెడతాడు.
ఉన్నట్టుండి:
"మా కోథాయ్?"

ఆ భాష నాకు రాదు.
మా తెలుసు.
కో అన్నది చెవిన పడగానే
కుత్ర, కిధర్, కహాఁ అన్నీ ఒక్కసారే లేచి నిలబడె,
పేరు తెలియని చుట్టం మొకంలో
జేజినాయన ముక్కు కనబడినట్టు.
వీడు ఏడ్చడం లేదు సుంకన్నా,
అడుగుతున్నాడు.

మైకు వాని నోటికాడ పెడితి. రూలు కాదు.
అన్ని ప్లాట్‌ఫారాల మీదా, నీళ్ళ కొళాయిల కాడ,
గోనెసంచుల మీద, నిద్రపోయే కుక్కల మీద
"మా కోథాయ్"
"మా కోథాయ్"

వచ్చింది, చంకలో రెండు నీళ్ళ సీసాలు,
చేతిలో ఇంకో కాలి చెప్పు.
మొదట ఒక దెబ్బ వేసె. తర్వాత ఎత్తుకునె.
తర్వాత నా వైపు తిరిగి
ఏదో పొడుగ్గా అడిగె,
అందులో క లు నాలుగైదు వినబడె.
ఏ కకు ఏ జవాబో తెలీక
గోడ గడియారం చూపిస్తి.

నాలుగు కావస్తోంది.
అద్దం అవతల ఎవరో
అడగడానికి ఊపిరి తీసుకుంటున్నారు.